‘ప్రిపరేషన్‌లో ఉండాడు’: తిరుపతి గదుల్లో దొరికే గడువు, దాని ఖరీదు

తిరుపతి చుట్టుపక్కల ఊళ్లలో పాతికేళ్ల కుర్రాడి గురించి బంధువులు అడిగేది ఒకే మాట: ‘మీవోడు ఏం చేస్తాండాడు?’ ‘ఊరికే ఉండాడు’ అంటే ఇంటి పరువు పోయినట్టు. ‘ప్రైవేటు ఉద్యోగం’ అంటే జీతమెంతని ఇంకో ప్రశ్న. ‘తిరప్తిలో రూము తీసుకోని ప్రిపరేషన్‌లో ఉండాడు’ అంటే మాత్రం అడిగినవాళ్లు తలూపి వేరే సంగతిలోకి పోతారు. ఆడపిల్లకైతే ‘బీఈడీలో చేరింది’, ‘పీజీ చేస్తాంది’, ‘పీహెచ్‌డీ సీటొచ్చింది’ అన్న జవాబులు అదే పని చేస్తాయి. తానెవరు, ఎవరితో కలిసి బతకాలి, ఇంటి నమ్మకాల్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అని తేల్చుకోవడానికి ఇక్కడ ఏ ఇల్లూ విడిగా సమయం ఇవ్వదు. చదువు పేరు చెబితే ఇస్తుంది.

ఈ ప్రాంత యువత గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు బొమ్మలు గీస్తారు. ఒకటి పెద్దల మాట జవదాటని పిల్లలది, రెండోది ఇంట్లోంచి పారిపోయి పెళ్లి చేసుకునే పిల్లలది. ఎక్కువమంది ఈ రెండింటిలోనూ ఉండరు. ఎదురు చెప్పరు, ఒప్పుకోరు, గడువు తీసుకుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ మార్సియా 1966లో యువత గుర్తింపును నాలుగు స్థితులుగా విడదీశాడు: వెతకకుండా, తేల్చుకోకుండా ఉండిపోవడం, వెతక్కుండానే పెద్దలు ఇచ్చినదాన్ని పుచ్చుకోవడం, తేల్చకుండా వెతుకుతూ ఉండటం, వెతికి తేల్చుకోవడం. మూడో స్థితికి ఆయన వాడిన ‘మొరటోరియం’ అన్న మాట అప్పు వసూలును కొన్నాళ్లు ఆపే చట్టబద్ధమైన గడువుకు వాడేదే. భవానీ నగర్, బాలాజీ కాలనీ, ఎమ్మార్‌పల్లి, కొర్లగుంట గదుల్లో నడుస్తున్నది సరిగ్గా అదే. తేడా ఏమంటే ఇక్కడి గడువుకు పైకి చెప్పే పేరు గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు, డీఎస్సీ.

ఇందుకు తగిన ఊరు తిరుపతి. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. సంస్కృత విశ్వవిద్యాలయం, వైద్య, పశువైద్య కళాశాలలు, దేవస్థానం వారి కళాశాలలు వేరే. వీటిలో ఏ ఒక్కదాంట్లోనూ సీటు లేనివాడికి కూడా ఈ ఊళ్లో ఉండటానికి కారణం దొరుకుతుంది. పాకాల నుంచో పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో గంట, గంటన్నర ప్రయాణం. ‘దూరం పోయినాడు’ అని తల్లి ఏడవనక్కర్లేనంత దగ్గర, సాయంత్రం ఎవరితో టీ తాగాడో ఇంటికి తెలియనంత దూరం.

గడువు ఎవరి చేతిలో ఉంటుంది

మొదటి చిక్కు ఇక్కడే. గడువు తీసుకున్నది పిల్లలైనా, దాని పొడవును నిర్ణయించేది నోటిఫికేషన్లు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వచ్చింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరి 22న, తుది రాత పరీక్ష 2025 జూన్ 1న జరిగాయి. గ్రూప్-2 ప్రకటన 2023 డిసెంబరులో, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. ఉపాధ్యాయ పోస్టుల సంగతి ఇంకా పెద్దది: 2018 డీఎస్సీ తర్వాత పరీక్ష దాకా వచ్చి పూర్తయినది 2025లో 16,347 పోస్టులతో పెట్టిన మెగా డీఎస్సీయే. 2018లో బీఈడీ ముగించిన అమ్మాయి ఈ మధ్యలో ఏడేళ్లు ‘డీఎస్సీకి చదువుతాండా’ అనే మాట మీద నిలబడాలి. మొదటి రెండేళ్లు ఆ మాట పనిచేస్తుంది. మూడో ఏడు మేనత్త నవ్వుతుంది. నాలుగో ఏడు తండ్రే సంబంధాలు చూడటం మొదలుపెడతాడు. ప్రభుత్వం పరీక్ష ఆలస్యం చేస్తే ఉద్యోగం ఒక్కటే ఆలస్యమవుతుందని పత్రికలు రాస్తాయి. ఒక తరం ఆడపిల్లల పెళ్లి విషయంలో బేరమాడే బలం కూడా దాంతోపాటే తరిగిపోతుందని ఎవరూ రాయరు.

అందుకే కాలపరిమితి కాగితం మీద రాసి ఉన్న గడువులు, ప్రకటన కోసం ఎదురుచూసే గడువుల కంటే గట్టివి. బీఈడీ రెండేళ్లు, పీజీ రెండేళ్లు అని ముందే తెలుసు. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్లు సడలింపు, మొత్తం పదేళ్లు మించకూడదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఈ డబ్బే అసలు సంగతి. గది అద్దె, మెస్ బిల్లు ఎవరు కడుతున్నారో గడువు వాళ్లది. తండ్రి కడుతున్నంత కాలం ఒక ఫోనుతో ‘సామాన్లు సర్దుకోని రా’ అనగలడు. ఫెలోషిప్ తన ఖాతాలో పడుతున్న అమ్మాయితో అదే తండ్రి కూర్చుని మాట్లాడతాడు. ఇది ప్రేమ తగ్గడమో పెరగడమో కాదు.

గ్రూప్స్ గదుల్లో ఉండే మగపిల్లలకు ఎదురయ్యే ప్రమాదం వేరే. వాళ్లను ఎవరూ వెనక్కి పిలవరు, గడువు అలా సాగిపోతూనే ఉంటుంది. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. ఓబీసీకి 35 ఏళ్లు, తొమ్మిది ప్రయత్నాలు. ఎస్సీ, ఎస్టీలకు 37 ఏళ్లు, ప్రయత్నాలకు లెక్క లేదు. ఈ సంఖ్యలే చాలామంది జీవితానికి సరిహద్దులు అవుతాయి. ముప్పై దాటాక ‘నేనెవరిని’ అన్న ప్రశ్నకు ‘అభ్యర్థిని’ అన్నదొక్కటే జవాబుగా మిగిలితే, వెతకడం ఎప్పుడో ఆగిపోయిందని అర్థం. దీన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు ఉన్నాయి. పండగలకు ఊరికి పోవడం మానేయడం, తనకంటే చిన్నవాళ్ల పెళ్లిళ్లకు రాకపోవడం, పరీక్ష పోయినా పుస్తకాలు మార్చకపోవడం, పగలు నిద్ర. స్నేహితులు గమనించాల్సింది ఇవే. మానసిక సహాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

కాగితాల్లో ముందే గట్టిపడే సంగతులు

గడువు ఉందనుకుని తీరిగ్గా ఉన్నప్పుడు, కొన్ని విషయాలు పక్కన నిశ్శబ్దంగా గట్టిపడిపోతూ ఉంటాయి. మొదటిది పేరు. పదో తరగతి మెమోలో బడి పంపిన నామినల్ రోల్‌లో (పరీక్ష రాసే పిల్లల జాబితాలో) ఏ అక్షరాలు ఉంటే అవే పడతాయి. అంటే పదిహేనేళ్ల వయసులో, తల్లిదండ్రులో హెడ్‌మాస్టరో రాయించిన అక్షరాలు. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, పాస్‌పోర్టు అన్నీ దాని వెంట నడుస్తాయి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మారుతుంది. పుట్టిన తేదీ ఒకసారి, లింగం ఒకసారి. చిరునామాకు మాత్రం పరిమితి లేదు. చాలామంది రెండు అవకాశాల్లో ఒకటి అక్షర దోషానికి, రెండోది పెళ్లయ్యాక ఇంటిపేరుకు వాడేస్తారు. తర్వాత తనకు ఇష్టమైన పేరు పెట్టుకోవాలంటే, లేదా విడాకుల తర్వాత పుట్టింటి పేరుకు రావాలంటే, ప్రాంతీయ కార్యాలయానికి వినతులు పెట్టుకుంటూ తిరగాలి. అందుకని పెళ్లి కాగానే ఇంటిపేరు మార్చుకోవాలన్న తొందర అనవసరం. చట్టం అలా అడగదు.

పేరు నిజంగా మార్చుకోవాలనుకునేవాళ్లకు దారి గెజిట్, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రిక. కేంద్ర గెజిట్‌కైతే నోటరీ అఫిడవిట్, పత్రికలో ప్రకటన, ఇద్దరు సాక్షుల సంతకాలతో దరఖాస్తు, రుసుము. తప్పు జరిగేది ఒక్కచోటే: వేర్వేరు కాగితాల్లో పాత పేరు వేర్వేరు రకాలుగా రాయడం. మెమోలో ‘వెంకట’ విడిగా, ఆధార్‌లో కలిపి, ప్రకటనలో పొట్టి చేసి ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. పాత పేరును మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా రాయాలి. గెజిట్ వచ్చినంతమాత్రాన పాత మెమో మారిపోదు. రెండూ కలిపి చూపించాలి.

నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు దీనికి ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాల్లో ఇంటిపేరు ఉండదు. పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. తెలుగు బడి రిజిస్టరులో ‘ఇంటిపేరు’ గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు. ఒకరికి తండ్రి పేరు ఇంటిపేరవుతుంది, అన్నకు ఊరి పేరు పడుతుంది, తమ్ముడికి ఒట్టి అక్షరం మిగులుతుంది. ముగ్గురు తోబుట్టువులకు మూడు ఇంటిపేర్లు ఉన్న ఇళ్లు సరిహద్దులో వింత కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే పేరు తెలియదని, పడుతుంది. బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్సు వరకు అక్కడ ఆ మూడక్షరాలే పిలుపు. పాస్‌పోర్టు తీసుకునే రోజే తండ్రి అక్షరాన్ని పూర్తి పేరుగా విడదీసి ఇంటిపేరుగా పెట్టించుకుంటే ఈ తలనొప్పి రాదు.

సరిహద్దు పిల్లలకు ఊరు కూడా కాగితమే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రలోకి వచ్చాయి. ఇళ్లలోని భాష మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. ఇప్పుడు నగరిలో పుట్టిన పిల్లవాడిని తిరువళ్లూరులోనో వేలూరులోనో మంచి బడి ఉందని చేరుస్తారు. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ కౌన్సెలింగుకు వస్తే అతను నాన్‌లోకల్ అని తేలుతుంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, స్థానికత అంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ విశ్వవిద్యాలయ ప్రాంతంలో చదవడం. తాత భూమి, ఓటరు కార్డు లెక్కలోకి రావు. మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు తహశీల్దారు ధ్రువపత్రం పట్టుకుని. తొమ్మిదో తరగతిలో బడి మార్చేటప్పుడు ఈ లెక్క చూసుకునే ఇళ్లు తక్కువ. తమిళనాడులో ‘తెలుగోడు’, సొంత జిల్లాలో ‘నాన్‌లోకల్’. ఎక్కడివాడినన్న బెంగ ఈ పిల్లలకు పుస్తకాల్లోంచి రాలేదు.

గది అద్దెకు, ధ్రువపత్రానికి మధ్య కులం

తిరుపతిలో గది వెతుకుతున్నప్పుడు ఇంటివాళ్లు నేరుగా కులం అడిగేది కొందరే. ఎక్కువమంది చుట్టూ తిరిగి అడుగుతారు. ‘ఇంటిపేరేంది?’, ‘మీ ఊర్లో ఏ వీధి?’, ‘నీసు వండుతారా?’ మూడో ప్రశ్న పుణ్యక్షేత్రం పేరు చెప్పి అడుగుతారు గానీ చాలాసార్లు మొదటి రెండింటికీ అది మారు ప్రశ్న. కోడిగుడ్డు తినే అగ్రకులపు కుర్రాడికి అదే ఇంట్లో గది దొరకడం చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. ఇక్కడే ఆధార్ జిరాక్సు చేతులు మారుతుంది. ఇవ్వాల్సివస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు. ఆధార్ సైటులో ఉచితంగా దిగుతుంది. అడ్వాన్సుకు రశీదు, గది ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలో ఒక కాగితం మీద సంతకం తప్పక తీసుకోవాలి. ‘మావోడే కదా’ అని నోటిమాట మీద ఇచ్చిన అడ్వాన్సే ఎక్కువగా మునుగుతుంది. నమ్మకం కులం మీద పెట్టారు, రశీదు మీద పెట్టలేదు మరి.

కుల సంఘాల హాస్టళ్లు, సత్రాలు ఈ ఊళ్లో తక్కువేం కావు. తక్కువ ఖర్చుకు తిండి, పడక, సీనియర్ల నోట్సు దొరుకుతాయి. పల్లె నుంచి మొదటిసారి వచ్చిన పిల్లవాడికి ఇది పెద్ద అండ, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం ఉన్నవాళ్ల మాట. కానీ అక్కడ ఉన్న మూడేళ్లలో పుట్టినరోజు ఫ్లెక్సీ నుంచి ఎన్నికల ర్యాలీ దాకా అన్నింటికీ హాజరు పడుతుంది. పోనివాడిని ఎవరూ కొట్టరు. మెస్‌లో పలకరింపు తగ్గుతుంది, అంతే. అది చాలు. కళాశాలలో వేరే కులం స్నేహితులతో ఒకలా, సాయంత్రం హాస్టల్లో ఇంకోలా మాట్లాడటం ఆర్నెల్లలో అలవాటవుతుంది. ఫోనులో రెండో ఇన్‌స్టా ఖాతా పుట్టేది కూడా అప్పుడే. ఆ ఖాతాకు రోజూ వాడే ఫోన్ నంబరే ఇచ్చి, కాంటాక్టులు చూడటానికి అనుమతిస్తే, ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అని అది పెదనాయన కొడుకు ఫోనులో ప్రత్యక్షమవుతుంది. విడిగా ఈ-మెయిల్ పెట్టి, కాంటాక్టుల అనుసంధానం ఆపి, ఇతరులకు సూచించవద్దన్న సెట్టింగు మార్చనిదే రెండో ఖాతా రహస్యం కాదు.

ధ్రువపత్రాల దగ్గర ఎక్కువమంది పోగొట్టుకునేది కేంద్ర ఓబీసీ విషయంలో. సచివాలయంలో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ పత్రం రాష్ట్ర ఉద్యోగాలకు. ఐఐటీ, బ్యాంకు, రైల్వేలకు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే బీసీల్లో సంపన్న వర్గం కాదన్న పత్రం, కావాలి. ఆ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు, కానీ ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈ సంగతి తెలియక అర్హత ఉండి కూడా జనరల్‌లో దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు.

క్రైస్తవ ప్రార్థనకు పోయే దళిత కుటుంబాల పిల్లల పరిస్థితి అన్నింటికంటే చిక్కైనది. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు, దానికి 1956, 1990ల్లో జరిగిన సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే. మతం మారిన ఎస్సీలు రాష్ట్రంలో బీసీ-సీ. అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీకి 15. ఆదివారం అమ్మతో పాటు పోయేది ఒకచోటికి, పత్రం మీద ఉండేది ఇంకోటి. దీన్ని పిల్లల కపటం అని తీర్పు చెప్పేవాళ్లు, పూజకూ పాటకూ ఇంత ధర కట్టిన నిబంధనను పట్టించుకోరు. కులం మతం మారగానే పోదని గది అద్దెకు అడిగిన రోజే తెలుస్తుంది. చట్టం మాత్రం పోయిందంటుంది. బాప్తిస్మం ఫొటో పబ్లిక్‌గా పెట్టేముందు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది: కుల ధ్రువపత్రాల మీద 1993 చట్టం కింద కలెక్టరుకు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, విచారణలో అలాంటి ఫొటోలు ముందుకు వస్తాయి. తన నమ్మకం ఏదో తేల్చుకునే హక్కు ఇరవయ్యేళ్ల మనిషికి ఉంది. దాని వల్ల వచ్చే నష్టం ముందే తెలిసి తేల్చుకోవడం వేరు, ఉద్యోగం వచ్చాక తెలియడం వేరు.

కులాంతర వివాహంలో పుట్టినవాళ్లకు తండ్రి కులమే వస్తుందని కార్యాలయాల్లో ఇప్పటికీ చెబుతుంటారు. 2012లో రమేష్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు అలా అనలేదు. తండ్రి కులమన్న అంచనాతో మొదలుపెట్టవచ్చు గానీ, బిడ్డ తల్లి కులంలో పెరిగి, ఆ కులం పడే అవమానాలే పడిందని ఆధారాలతో చూపితే దాన్నే ఒప్పుకోవాలంది.

వారం రోజుల వేషం

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే తిరుపతి మగవాళ్లు చీర కడతారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ని వెతుకుతూ అమ్మవారు వేషాలు వేసిందని, దొర వేషంలో వాణ్ని పట్టి చంపిందని కథ. గాజులు, పూలు, కాటుక పెట్టుకుని బజారులో నడిచే కొడుకును చూసి తండ్రి మొక్కు తీరిందని సంతోషిస్తాడు. దీన్ని చూసి, లింగభేదం విషయంలో ఈ ఊరు ఉదారమైనదని బయటివాళ్లు రాసేస్తుంటారు. తొందరపాటు. జాతరలో చీర మొక్కుది, మనిషిది కాదు. జాతర ముగిసే బుధవారం తెల్లవారుజామున అమ్మవారి మట్టి రూపం చెంప నరకడంతో దాని అనుమతి ముగుస్తుంది. జూన్‌లో అదే గాజులు వేసుకున్న కుర్రాడికి అదే వీధిలో నడక కష్టం. అలాగని జాతరకు విలువ లేదనీ కాదు. ఏడాదిలో కొన్ని రోజులు ఎవరూ ప్రశ్నించని చోట అద్దంలో చూసుకోగలగడం కొందరికి ఏళ్ల తరబడి ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు.

మిగతా రోజులకు చట్టం ఉంది: 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించిన నల్సా తీర్పు, 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధం నేరం కాదన్న 377 సెక్షన్ తీర్పు, 2019 చట్టం కింద కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం. స్వలింగ జంటల పెళ్లికి మాత్రం 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చట్టబద్ధత ఇవ్వలేదు. ఆధార్‌లో లింగం ఒక్కసారే మారుతుందన్నది ఇక్కడ గుర్తుండాలి. పేరు, లింగం ఒకే దఫాలో, గుర్తింపు పత్రం చేతికి వచ్చాక మార్చుకోవడం మంచిది.

సంబంధం

గడువు తీరేది పెళ్లి మాటతోనే. ఈ జిల్లాల్లో చాలామంది ఆడపిల్లలకు ఆ మాట పుట్టినప్పుడే మొదలవుతుంది, మేనమామతోనో మేనత్త కొడుకుతోనో. ‘ఇష్టం లేదు’ అంటే తల్లి పుట్టింటిని అవమానించినట్టు. ఈ చిక్కులోంచి అమ్మాయిలు కనిపెట్టిన దారి డాక్టరు. మేనమామకు, మేనకోడలికి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు. తలసీమియా వంటి జబ్బును బయటపడకుండా మోసే జన్యువు ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగో వంతు అవకాశం. ‘డాక్టరు వద్దన్నారు’ అన్న మాట ఎవరినీ చిన్నబుచ్చదు, మేనమామ కూడా తల దించుకోనక్కర్లేదు. కాస్త దొడ్డిదారే. అయినా బంధుత్వం తెగకుండా కాదనడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఇంకా ఎవరూ చెప్పలేదు.

సొంతంగా తేల్చుకున్నవాళ్లు చేసే మొదటి పొరపాటు తిరుమలకు పోవడం. కల్యాణ వేదికలో దేవస్థానం ఉచితంగా పెళ్లిళ్లు చేస్తుంది. వధువుకు 18, వరుడికి 21 నిండాలి, ఇద్దరూ హిందువులై ఉండాలి, తల్లిదండ్రులు దగ్గరుండాలి. ప్రేమ పెళ్లిళ్లు, రెండో పెళ్లిళ్లు అక్కడ చేయరు. కొండ ఎక్కి, తిరిగి దిగేలోపు ఊళ్లో వార్త పాకుతుంది. వేరే గుళ్లో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, ఇద్దరూ హిందువులైతే. మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న చోటి వివాహ అధికారికి, అంటే సబ్ రిజిస్ట్రారుకు, నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కార్యాలయంలో 30 రోజులు అందరికీ కనబడేలా ఉంటుంది. ఆ తర్వాత, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు, ముగ్గురు సాక్షులతో పెళ్లి. తెలిసినవాళ్లు చూసి ఇంటికి చెప్పేది ఆ 30 రోజుల్లోనే. అందుకే నోటీసు సొంత ఊరి కార్యాలయంలో ఇచ్చేవాళ్లు తక్కువ. తిరుపతి గది అద్దె ఒప్పందం నివాసానికి ఆధారంగా ఇక్కడ పనికొస్తుంది, అది రాయించుకుని ఉంటే. బెదిరింపులుంటే 2018 మార్చి 27 నాటి సుప్రీంకోర్టు శక్తివాహిని తీర్పు ప్రకారం పోలీసులు రక్షణ ఇవ్వాలి. అత్యవసరానికి 112, మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100. మాటతో కాకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

సాధారణంగా అమ్మాయి తల్లిదండ్రులు ముందే కిడ్నాప్ అని కేసు పెట్టి ఉంటారు. అమ్మాయి మేజర్‌నని, ఇష్టపడే వచ్చానని మేజిస్ట్రేటు ముందు చెప్పాక అది మూతపడుతుంది. రెండేళ్లకు ఇళ్లు కలుస్తాయి, బిడ్డ పుట్టాక ఇంకా తొందరగా. కేసు సంగతి అందరూ మరిచిపోతారు. ఆలోగా అబ్బాయికి ఉద్యోగం వస్తుంది. ఉద్యోగంలో చేరేముందు నింపే అటెస్టేషన్ ఫారంలో గడిచిన అయిదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నాడో రాయాలి. ఎప్పుడైనా కేసు నమోదైందా అని అడుగుతుంది. మూసేసిన కేసే కదా అని ‘లేదు’ అని రాసినవాళ్ల ఉద్యోగాలు పోయిన సందర్భాలున్నాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే: చిన్న కేసును చూసీచూడనట్టు పోవచ్చు గానీ, అడిగినప్పుడు దాచడమే తొలగింపుకు కారణం కావచ్చు. ‘ఉంది’ అని రాసి, కేసు మూసినట్టు పోలీసులు కోర్టుకు ఇచ్చిన తుది నివేదిక నకలు జతచేయాలి. ఆ నకలు కోర్టులో దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. కేసు మూసిన నెలలోనే తీసుకుంటే తేలిక.